చంటిది నిద్రపోయే గంట

అత్తమ్మ ఉగ్గులో నల్లమందు వేస్తున్నదని నాకు తెలిసేనాటికి నేను నలభై వ్యాసాలు రాసి ఉన్నాను. అన్నీ ఇంగ్లీషులో. ఒక్కొక్కటీ గంటసేపు, మధ్యలో లేవకుండా రాసినవి. ఆ గంటలన్నీ నా బిడ్డ తొట్టెలలో కదలకుండా పడుకున్నది. ఇంత బుద్ధిమంతురాలు ఎవరి కడుపున పుడుతుందని నేను మురిసిపోయాను కూడా.

అవి యుద్ధం రోజులు. నాకు బీయే ఆఖరి సంవత్సరం. పెళ్లయి రెండేళ్లు, చంటిదానికి ఐదో నెల. మా ఇల్లు పాతబస్తీలో, బహదూర్‌పురా వైపు పోయే దారిలో ఒక సందులో ఉండేది. ముందు రెండు గదులు, వెనక బర్రెల కొట్టం. మామగారు పోయినప్పటి నుంచి పాల వ్యాపారం అత్తమ్మదే. తెల్లవారకముందే పాలు పితికి, బిందె నెత్తిన పెట్టుకుని, వాడిక ఇళ్లన్నిటికీ తనే పోసి వచ్చేది. మా ఆయన నయాపూల్ దగ్గర కచేరీలో గుమాస్తా. చదువుకునే పిల్లే కావాలని పట్టుబట్టి నన్ను చేసుకున్నది ఆయన కాదు, అత్తమ్మ. ఆమెకు వేలిముద్ర వేయడం తప్ప ఏమీ రాదు. పెళ్లికి ముందు మా నాన్న, చదువు మధ్యలో మాన్పించొద్దు అని అడిగితే, మాన్పించేదుంటే మీ ఇంటికి ఎందుకొస్త అన్నదట.

పాలు పోసే ఇళ్లన్నిటిలో నా ముచ్చటే. "మా కోడలు ఇంగ్లీషుల చదువుతుంటె ఇని మా బర్రె గూడ తలకాయ ఊపుతది" అని చెప్పుకునేది. ఒక ఇంటావిడ, అయితే ఆ బర్రెను కూడా కాలేజీకి తోలరాదా అని ఎగతాళి చేస్తే, "దానికి జట్కా ఎక్కుడు రాదమ్మా, లేకుంటె ఎప్పుడో తోలుతుంటి" అన్నదట. ఇంటికి వచ్చి నాకు అదంతా చెప్పి తనే నవ్వేది.

కాలేజీ నది అవతల ఉండేది. పరదా కట్టిన జట్కాలో నలుగురం అమ్మాయిలం కలిసి పోయేవాళ్లం. చదువంతా ఉర్దూలో. ఇంగ్లీషు ఒక్కటే ఇంగ్లీషులో. ఆ ఒక్క పేపరు దగ్గరే అందరి ప్రాణాలూ పోయేవి. అందులోనూ వ్యాసం దగ్గర. వ్యాకరణం, పాఠాల మీద ప్రశ్నలు అందరూ ఒకేలా రాస్తారు. మార్కులు పెరిగేదీ తరిగేదీ వ్యాసంలోనే. మా కాలేజీలో ఒక నోటుబుక్కు ఉండేది. ఒక్కో ఏడు చదువు ముగించుకుని పోయే అమ్మాయిలు దాన్ని తరువాతి ఏడు వాళ్ల చేతిలో పెట్టి పోయేవాళ్లు. దానిలో పన్నెండు వ్యాసాలు, ఎవరెవరి చేతిరాతతోనో. అందరూ ఆ పన్నెండూ బట్టీ పట్టేవాళ్లు. పరీక్షలో ఏ విషయం ఇచ్చినా, నాలుగు వాక్యాలు తిప్పి, ఆ పన్నెండులో ఏదో ఒకదానిలోకి దిగిపోవడమే విద్య. వార్తాపత్రికల గురించి రాయమంటే, పత్రికలో వర్షం వార్త వస్తుంది కనుక, ఇక వర్షం వ్యాసం.

అర్ధసంవత్సర పరీక్షలో నేనూ అదే చేశాను. బాలింతరాలినై రెండు నెలలు క్లాసులు పోగొట్టుకున్నాను, మరో దారి కనపడలేదు. వ్యాసానికి నాకు వచ్చిన మార్కులు చెప్పుకోవడానికి కూడా సిగ్గు. మా ఇంగ్లీషు మేడమ్ పెద్దావిడ. తెల్ల చీర, వేళ్లకు ఎప్పుడూ సుద్ద. నన్ను ఒక్కదాన్నే పిలిచి కూర్చోబెట్టి, ఈ కాగితంలో నువ్వు ఎక్కడున్నావో చూపించు అన్నది. నేను చూపించలేకపోయాను. అప్పుడు ఆమె ఒక మార్గం చెప్పింది. రోజూ ఒక కొత్త విషయం తీసుకోవాలి. గడియారం ముందు పెట్టుకుని గంటసేపు రాయాలి. కలం ఎత్తకూడదు, లేవకూడదు, వెనక్కి తిరిగి చదవకూడదు. పరీక్ష హాలులో వ్యాసానికి దొరికేది ఆ గంటే. చేతికి ఆ గంట అలవాటు కావాలి. మధ్యలో ఒక్కసారి లేచినా ఆ రోజు వ్యాసం లెక్కలోకి రాదు.

ఆమె మరో మాట కూడా చెప్పింది. మా ఇంటికి నడిచిపోయేంత దూరంలో ఉన్న ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం ఒకటి వచ్చే ఏడు ఖాళీ అవుతుంది. ఇంగ్లీషులో చాలా మంచి మార్కులు వచ్చిన అమ్మాయినే తీసుకుంటారు. ఇంకెక్కడికీ మా ఆయన నన్ను పంపడు. అది ఖాయం. ఆ ఒక్క బడి అయితే, ఆడవాళ్లే ఉంటారు, సందు దాటితే వస్తుంది కనుక, సరే అన్నాడు. అంటే ఆ వ్యాసంలో మంచి మార్కులు రాకపోతే నా చదువు ఆ ఏటితో కొట్టంలో కలుస్తుంది.

రాత్రిపూట రాద్దామంటే కిరసనాయిలు రేషను. దీపం వంటయ్యేవరకే. పొద్దున కాలేజీ. మిగిలింది మధ్యాహ్నం, రెండు నుంచి మూడు. కొట్టం వైపు కిటికీ దగ్గర చాప వేసుకుని, మా ఆయన పాత జేబు గడియారం ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. సరిగ్గా అప్పుడే చంటిది లేచేది. మొదటి నాలుగు రోజుల్లో నేను పావుగంట మించి రాయలేదు. నాలుగో రోజు కాగితం చించేసి ఏడ్చాను. అత్తమ్మ గడప దగ్గర నిలబడి చూసింది. మర్నాడు తనే ఉగ్గుగిన్నె కడుక్కుని వచ్చింది.

"పగటి ఉగ్గు నేను పోస్త. నువ్వు రాసుకో బిడ్డా, ఫికర్ చెయ్యకు."

నా పాలు గిన్నెలోకి పిండించుకుని, ఆముదం చుక్కతో రంగరించి, పిల్లను కాళ్ల మీద వేసుకుని పోసింది. పిల్ల పావుగంటలో పడుకున్నది. ఆ రోజు నేను మొదటిసారి గంట నిండా రాశాను. విషయం నది.

అలా పదిరోజులు, ఇరవై రోజులు. గంట నిద్ర రెండు గంటలైంది. రెండు, మూడైంది. నా ఇంగ్లీషు బాగుపడుతున్నదని మేడమ్ అన్నది. ఒకరోజు నా కాగితం క్లాసులో చదివి వినిపించింది. నేను ఆ సంతోషంలో ఉండి కొన్ని చూడలేదు. కాదు, చూశాను, పట్టించుకోలేదు. పిల్ల తొట్టెల తాళ్లు కాళ్లతో తన్నడం మానేసింది. గోడ మీద బల్లిని చూసి నవ్వేది, ఇప్పుడు నవ్వడం లేదు. మూడురోజులకోసారి కానీ విరేచనం లేదు. వెలుతురులో చూస్తే కళ్లలో నల్లపాప సూదిమొనంత. పాలకు లేవడం తగ్గింది. నేను రాస్తుంటే నా రొమ్ములు బరువెక్కి రవిక తడిసి పాలచుక్క కాగితం మీద పడేది, సిరా అలుక్కుపోయేది. బిడ్డకు ఆకలి వేయాల్సిన వేళ అని నా ఒంటికి తెలిసింది. నేను మాత్రం తడిసిన చోట బ్లాటింగ్ పేపరు వేసి రాస్తూనే ఉన్నాను.

చలి తగ్గే రోజుల్లో కొట్టం వెనక గుడిసెల్లో ఒక చంటివాడు పోయాడు. మా బర్రెలకు గడ్డి తెచ్చే ఆమె కొడుకు. వాణ్ని గంపలో పడుకోబెట్టి మూసీ ఒడ్డున గడ్డి కోసుకునేది. ఆ రోజు మధ్యాహ్నం గంప దించి చూస్తే వాడు లేవలేదు. జ్వరం లేదు, వాంతి లేదు. అత్తమ్మ పోయి చూసి వచ్చి, కాళ్లు కడుక్కున్నది. ఆ పగలు పిల్లకు ఉగ్గు పోయలేదు.

సాయంత్రానికి నా బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. అది మామూలు ఏడుపు కాదు. ఒళ్లంతా చెమట, ముక్కు కారుతున్నది, చేతులు వణుకుతున్నాయి, ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో ఆవులిస్తున్నది. పాలు పట్టిస్తే కక్కింది. నేను జ్వరమనుకుని తడిగుడ్డ వేస్తున్నాను. అత్తమ్మ చాలాసేపు పిల్ల తల మీద చేయి పెట్టి కూర్చుని, లేచి, సందూకులోంచి చిన్న ఇత్తడి డబ్బా తీసింది. నా కళ్లముందే తీసింది. లోపల బెల్లం మడ్డిలాంటి నల్లటి ముద్ద.

"ఇయ్యాల ఎయ్యొద్దనుకున్న. కని దీని బాధ చూడలేకపోతున్న."

ఏమిటది అని అడిగాను. నల్లమందు అన్నది, ఉప్పు అన్నట్టుగా. గోటితో ఆవగింజంత గిల్లి ఉగ్గులో కలిపింది. నేను గిన్నె పట్టుకున్నాను. ఆమె నా చేయి మెల్లగా తీసేసింది. తన పిల్లలందరికీ పోసిందట. తెల్లవారుజామున పాలకు పోయే ఆడది చంటిపిల్లలను ఎవరికి అప్పజెప్పి పోతుంది, అందరూ పోస్తారు, మీ ఆయన కూడా ఇదే తాగి పెరిగిండు అన్నది. అత్తమ్మకు ఐదుగురు పుట్టారని, ఇద్దరే దక్కారని నాకు పెళ్లినాటి నుంచీ తెలుసు. ఆ ముగ్గురూ ఎలా పోయారని నేను ఎప్పుడూ అడగలేదు. ఆ సాయంత్రం కూడా అడగలేదు. ఉగ్గు గొంతు దిగగానే పిల్ల ఏడుపు ఆగింది. ఆ నిశ్శబ్దం నాకు అప్పటివరకు ఎంత ఇష్టంగా ఉండేదో గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున్నే పిల్లను ఎత్తుకుని సందు చివర హకీం గారి దగ్గరకు పోయాను. అత్తమ్మ నా వెనకే వచ్చింది, తప్పు చేసినదానిలా కాదు, పిల్లకు నీడపట్టడానికి కొంగు పరిచి. హకీం గారికి అత్తమ్మే పాలు పోసేది. ఆయన పిల్ల కనురెప్ప ఎత్తి చూసి, ఎన్నాళ్లనుంచి అని ఒకటే అడిగాడు. నేను ఇంటికి పోయి డబ్బా మూసీలో పారేస్తానన్నాను. ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"ఏక్‌దమ్ బంద్ నక్కో కరో బేటీ. బచ్చీ జాతీ."

ఒక్కసారిగా ఆపితే పిల్ల దక్కదు. మెల్లగా దించాలి. ఆయన ఇరవై ఒక్క పొట్లాలు కట్టి ఇచ్చాడు. ఒక్కోదాని మీద ఉర్దూలో అంకె. ఒకటో పొట్లంలో నిన్నటివరకు పోస్తున్నంత. రోజురోజుకీ తగ్గుతూ ఇరవై ఒకటో దానిలో దాదాపు ఏమీ ఉండదు. రోజుకు ఒక పొట్లం, తల్లి చేతితోనే పోయాలి. ఏ రోజైనా పిల్ల తనంతట తాను పడుకుని పొట్లం మిగిలితే, దాన్ని పొయ్యిలో వేయాలి. దిగిన మెట్టు మళ్లీ ఎక్కించకూడదు. పిల్ల ఒంటికి ఆ పాత బరువు మోసే శక్తి పోయి ఉంటుంది. ఈ మాట ఆయన నాకు రెండుసార్లు చెప్పాడు. నేను అర్థమైందన్నాను. అర్థమైంది కూడా.

ఇంగ్లీషు పరీక్ష సరిగ్గా పదిహేనో పొట్లం నాడు పడింది.

ఆ రెండు వారాలూ నల్లమందు నేనే పోశాను. బిడ్డను కాళ్ల మీద వేసుకుని, పొట్లం విప్పి, ఉగ్గులో కలిపి, ముక్కు మూసి పోయడం నేర్చుకున్నాను. వ్యాసాలు ఆగిపోయాయి. పిల్లను చంకలో వేసుకుని, కిటికీ దిమ్మె మీద కాగితం పెట్టి నిలబడి రాసేదాన్ని. గంటలో ఆరుసార్లు ఆగేదాన్ని. మేడమ్ చదివి, ముందర ఒకరు రాసినట్టు, వెనక ఇంకొకరు రాసినట్టు ఉందన్నది. ఇంట్లో ఏమైనా ఇబ్బందా అని అడిగింది. పిల్లకు పళ్లొస్తున్నాయన్నాను.

తొమ్మిదో రోజు పెద్ద వాన పడింది. చల్లగాలికి పిల్ల మధ్యాహ్నం తనంతట తాను పడుకున్నది, సాయంత్రం నవ్వుతూ లేచింది. తొమ్మిదో పొట్లం మిగిలింది. పొయ్యి దగ్గరకు తీసుకుపోయాను. పొయ్యి చల్లారి ఉంది. మళ్లీ వేద్దాంలే అని వ్యాసాల పుస్తకం మధ్యలో పెట్టాను. రాత్రి పొయ్యి మండింది, మర్నాడు మండింది. నేను వేయలేదు. ఎందుకు వేయలేదని ఇప్పుడు అడిగితే, మరిచిపోయానని చెప్పగలను. కానీ ఆ ఐదారు రోజులు పుస్తకం తెరిచిన ప్రతిసారీ నా వేలు ఆ పొట్లానికి తగిలేది.

పరీక్ష రోజు పిల్ల తెల్లవారకముందే ఏడుపుతో లేచింది. పదిహేనో పొట్లం చాలా చిన్నది. మా ఆయన కచేరీకి పోయాడు. తొమ్మిదిన్నరకు జట్కా వస్తుంది. అత్తమ్మ పాలు పోసి వచ్చి, పిల్లను భుజాన వేసుకుని కొట్టంలో అటూ ఇటూ తిరుగుతున్నది. "నేను ఎత్తుకొని తిరుగుత. నువ్వు నిమ్మలంగ పో" అన్నది. ఆ మాట విని నాకు భయం వేసింది. పిల్ల ఏడుపు ఆపకపోతే, సందూకులో ఆ డబ్బా ఇంకా ఉంది. ఆమె గోటికి కొలత లేదు. హకీం గారి పొట్లానికైతే కొలత ఉంది. ఆమె ఇచ్చేదానికన్నా నేను ఇచ్చేది నయం కదా. ఇలా అనుకున్నాను. ఈ వాదన నా మనసులో ఎంత నున్నగా సాగిందంటే, మేడమ్ చూస్తే మెచ్చుకునేది.

రెండు పొట్లాలూ విప్పి ఉగ్గులో వేశాను. పదిహేనూ, తొమ్మిదీ. కాగితాలు గిన్నె పక్కనే పడేసి, పిల్ల పడుకునేవరకు కూర్చుని, అత్తమ్మకు అప్పజెప్పి జట్కా ఎక్కాను.

నయాపూల్ మీద జట్కా ఆగిపోయింది, ఎడ్లబండి ఏదో అడ్డం తిరిగింది. పరదా సందులోంచి నీళ్లు కనపడుతున్నాయి. పక్కనున్న అమ్మాయి పన్నెండు వ్యాసాల్లో ఒకటి కళ్లు మూసుకుని గొణుక్కుంటున్నది. ఇంకొక అమ్మాయి, నీ మొహం అట్లా ఉందేమిటి, అన్నీ మరిచిపోయావా అని నవ్వింది. దిగి వెనక్కి పోదామా అనిపించింది. బండి కదిలింది.

వ్యాసానికి ఇచ్చిన మూడు విషయాల్లో నేను తీసుకున్నది నగరంలో ఒక ఉదయం. పన్నెండులో లేనిది. గడియారం చూసి మొదలుపెట్టి, గంటవరకు కలం ఎత్తలేదు. పొగమంచులో పాలబిందె మోసుకుని పోయే ఒక ముసలామె గురించి రాశాను. ఆమె పిలుపుకు తెరుచుకునే తలుపుల గురించి, పరదా వెనకనుంచి గిన్నె పట్టుకుని బయటికి వచ్చే చేతుల గురించి, బర్రెల ఊపిరి ఆవిరి గురించి రాశాను. నాలో ఇంత ఇంగ్లీషు ఉందని నాకే తెలియదు. మధ్యలో రొమ్ములు బరువెక్కి పాలు చేపాయి. లోపల కుక్కుకున్న గుడ్డ తడిసిపోయింది. చేయి ఆగలేదు. ఆ వ్యాసంలో ఆ ఉదయం అంతా ఉన్నది, నేను చేసింది తప్ప.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రం పాలు పితికే వేళ దాటిపోయింది. కొట్టంలో బర్రెలు అరుస్తున్నాయి. అత్తమ్మ ఎన్నడూ వాటిని అలా వదలదు. తలుపు బార్లా తెరిచి ఉంది. తొట్టెల ఖాళీ. నేను చెప్పులు కూడా లేకుండా సందు చివరకు పరుగెత్తాను.

హకీం గారి అరుగు మీద మా ఆయన నిలబడి ఉన్నాడు, కచేరీ నుంచి పిలిపించారట. లోపల అత్తమ్మ నేల మీద కూర్చుని ఉంది. హకీం గారు పిల్లను బట్టలు విప్పి పట్టుకుని, అరికాళ్లు గట్టిగా రుద్దుతూ, చన్నీళ్లు చల్లుతూ, మధ్యమధ్య పేరు పెట్టి పిలుస్తున్నాడు. పిల్ల పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఊపిరి వస్తున్నది, ఆగుతున్నది. ఆగినప్పుడల్లా గదిలో అందరం ఆగేవాళ్లం. ఆయన మళ్లీ అరికాలు మీద కొట్టేవాడు, మళ్లీ ఒక ఊపిరి.

మా ఆయన, ఎవరు పోసిన్రు, ఎంత పోసిన్రు అని అడిగాడు. నా వైపు చూసే అడిగాడు. నేను నోరు తెరిచాను.

"నేనే పోసిన," అన్నది అత్తమ్మ. "నా డబ్బాలది. ఏడుపు ఆపకపోతె పోసిన."

హకీం గారు ఎంత పోశావని అడిగితే ఆమె గోరు చూపించింది. ఆయన నన్ను కూడా చూసి, పొట్లాలు ఎన్ని మిగిలాయన్నాడు. ఆరు, అన్నాను. పదిహేనో రోజుకు ఆరే మిగలాలి. ఆయన తల ఊపి మళ్లీ పిల్లవైపు తిరిగాడు. ఆ తరువాత నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

మా ఆయన తల్లిని అన్న మాటలు ఇక్కడ రాయను. ముగ్గురిని మింగింది చాలదా అన్నది ఒక్కటి రాస్తాను, ఎందుకంటే ఆ మాట అంటున్నప్పుడు నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను, ఊరుకున్నాను. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

దీపాలు పెట్టే వేళకు పిల్ల ఏడ్చింది. సన్నగా, పిల్లికూన ఏడ్చినట్టు. హకీం గారు ఏడవనివ్వండి అని, గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

ఇంటికి వచ్చాక మా ఆయన సందూకులోంచి ఆ డబ్బా తీసుకుని నయాపూల్ దాకా నడిచి పోయి నదిలో వేసి వచ్చాడు. ఆయన బయటికి పోయినప్పుడు నేను వంటగదిలోకి పోయాను. అత్తమ్మ పొయ్యి ముందు ఉంది. చెప్పాలని పోయాను, లేక ఆమె ఏమంటుందో వినాలని పోయాను. ఆమె నా వైపు తిరగలేదు. పొయ్యిలో పుల్ల సర్దుతూ, మెల్లగా అన్నది.

"గిన్నె పక్కన కాయితాలు పొయ్యిలేసిన. రెండూ."

నేను పొయ్యిలో బూడిద వైపు చూశాను.

"రేపు పొద్దుగాల ఇంకో పరీక్ష ఉన్నది గద. పో బిడ్డా, చదువుకో."

నేను పోయాను. ఆ పరీక్ష కూడా బాగానే రాశాను.

పొట్లాలు ఆరూ హకీం గారు వెనక్కి తీసుకుని, కొత్తగా మరిన్ని కట్టి, రోజూ ఆయనే వచ్చి పోసేవాడు. ఎండాకాలం నడుమకు పిల్ల దానినుంచి బయటపడింది. ఫలితాలు వచ్చాయి. ఇంగ్లీషులో మా కాలేజీకి నాదే మొదటి స్థానం. వ్యాసం దిద్దినవారు మెచ్చుకుని చెప్పారని మేడమ్ నన్ను పిలిపించి, గుర్తున్నంతవరకు ఆ వ్యాసం మళ్లీ రాసి ఇమ్మన్నది, పిల్లల నోటుబుక్కులో పన్నెండు పాతవాటి పక్కన ఒక మంచిది ఉండనీ అని. నాకు ప్రతి వాక్యం గుర్తుంది. మరిచిపోయానన్నాను. ఉద్యోగం వచ్చింది. ఆ రోజు అత్తమ్మ నన్ను ఎన్ని మార్కులని అడిగింది. చెప్పాను. "మస్తు" అన్నది. వాడిక ఇళ్లలో చెప్పిందో లేదో నాకు తెలియదు. నాకైతే వచ్చి చెప్పలేదు.

ఇప్పుడు పిల్లకు ఐదో ఏడు. నడక ఆలస్యంగా వచ్చింది, మాట ఇంకా ఆలస్యంగా. అందరి పిల్లలూ ఒకేలా ఉండరని మా ఆయన అంటాడు. అది గాఢంగా నిద్రపోతే నాకు నిద్ర ఉండదు. లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను, వెచ్చగా తగిలేవరకు తీయను. ఇది రాస్తూ కూడా ఇప్పటికి నాలుగుసార్లు లేచాను. గంటసేపు ఒక్కచోట కూర్చుని రాయడం నాకు ఇక రాదు. బడిలో పిల్లలకు మాత్రం నేర్పుతున్నాను.

ఆ రోజు మా ఆయన పెట్టిన ఆంక్ష ఇంకా తీయలేదు. అత్తమ్మ చేతితో పిల్ల ఏదీ తినకూడదు, తాగకూడదు. ఎత్తుకోవాలన్నా నన్ను అడగాలి. పిల్లకూ అది తెలుసు. నానమ్మ బెల్లంముక్క ఇవ్వబోతే నా వైపు చూస్తుంది. అత్తమ్మ ఒక్కరోజు కూడా ఆ మాట తప్పలేదు. నన్ను ఎత్తి పొడవలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఆ పొద్దు సంగతి ఎత్తలేదు. నేను ఎత్తుతానేమోనని అప్పుడప్పుడు నా మొహం చూస్తుంది. నేను పుస్తకంలోకి చూస్తాను.

ఈ సాయంత్రం పిల్ల ఆడి ఆడి అరుగు మీదనే నిద్రపోయింది. అత్తమ్మ పాలబిందె దించి, చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, పిల్లకు రెండడుగుల దూరంలో నిలబడింది.

"లోపల పండవెట్టనా బిడ్డా?" అని నన్ను అడిగింది.

మా ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు. నేను పండబెట్టు అత్తమ్మా అన్నాను. ఆమె పిల్లను రెండు చేతులా ఎత్తుకుని, దాని తల తన భుజానికి తగలకుండా కొంచెం దూరంగా పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

"నీ మనసు పెద్దది," అన్నాడు మా ఆయన మెల్లగా, ఆమెకు వినపడకుండా. "ఇంకొకతైతే ముట్టనియ్యకపోవు."

నేను తల ఊపాను.